జర్మనీలో పీఆర్‌కి నెలలు ఎలా లెక్కేస్తారు: చదువు, బ్లూ కార్డ్, ఇండియా ప్రయాణాలు, పెన్షన్

మీరు అడిగింది ఇదీ: 2021 అక్టోబరు 4న స్టూడెంట్ వీసాతో జర్మనీ వచ్చారు. మాస్టర్స్ చేస్తూ 14 నెలలు వర్క్‌స్టూడెంట్‌గా (చదువుతూనే కంపెనీలో పార్ట్‌టైమ్‌గా) పనిచేశారు. 2024 ఏప్రిల్ 1న బ్లూ కార్డ్ (నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకి ఇచ్చే యూరోపియన్ యూనియన్ పర్మిట్) మీద ఉద్యోగంలో చేరారు. 2025లో నాన్నగారి ఆరోగ్యం బాగాలేక మే 15 నుంచి సెప్టెంబరు 5 దాకా ఇండియాలో ఉన్నారు. అందులో జూన్, జులై, ఆగస్టు నెలలు జీతం లేని సెలవు. పీఆర్‌కి, అంటే శాశ్వత నివాస హక్కుకి ఎప్పుడు అర్హత వస్తుంది? ఇండియాలో ఉన్న రోజులు పోయినట్టేనా? చదివిన రెండున్నరేళ్ళు లెక్కలోకి వస్తాయా?

ముందు జవాబు చెప్పేస్తాను. బీ1 (మధ్య స్థాయి) జర్మన్ సర్టిఫికెట్ ఉంటే 2026 ఫిబ్రవరి నెలాఖరుకి, ఏ1 (ప్రారంభ స్థాయి) మాత్రమే ఉంటే 2026 ఆగస్టు నెలాఖరుకి మీ నెలలు నిండుతాయి. ఇండియాలో ఉండటం వల్ల మీకు ఒక్క రోజు కూడా పోలేదు. జీతం లేని సెలవు వల్ల మాత్రం రెండు నెలలు పోయాయి. చదివిన కాలం మీరు వెళ్ళబోయే దారిలో లెక్కకే రాదు, కానీ చదువుతూ చేసిన ఉద్యోగం ఇంకో దారిలో పనికొస్తుంది. ఇవన్నీ ఎలా వచ్చాయో అర్థమైతే ఇకపై ఎవరినీ అడగక్కర్లేకుండా మీ లెక్క మీరే వేసుకోవచ్చు.

జర్మనీలో కాలాన్ని మూడు రకాలుగా కొలుస్తారు. దేశంలో చట్టబద్ధంగా నివసించిన కాలం ఒకటి. ఫలానా రకం పర్మిట్ చేతిలో ఉన్న కాలం రెండోది. ప్రభుత్వ పెన్షన్ బీమాకి కాంట్రిబ్యూషన్ కట్టిన నెలలు మూడోది. పీఆర్‌కి ఉన్న ఒక్కో దారిలో చట్టం వీటిలో ఒక్కోదాన్ని చూస్తుంది. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, విమానం దిగిన రోజు నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టి ఆ అంకెను అన్ని దారులకీ పెట్టేయడం. అలా వేస్తే కొందరు ఏడాది ముందే వెళ్ళి తిరస్కరణ తెచ్చుకుంటారు. ఇంకొందరికి అర్హత వచ్చి ఏడాది దాటినా తెలియదు.

పీఆర్ అని మనం పిలిచేది కూడా ఒకటి కాదు, రెండు కార్డులు. మొదటిది నీడర్‌లాసుంగ్స్‌ఎర్లౌబ్నిస్, అంటే జర్మనీ సొంత పీఆర్. రెండోది ఎర్లౌబ్నిస్ త్సుమ్ డౌఅర్‌ఔఫెంట్‌హాల్ట్ ఈయూ. ఇది యూరోపియన్ యూనియన్ 2003/109 డైరెక్టివ్ ప్రకారం ఇచ్చేది. ఇక్కడ వీటిని జర్మన్ పీఆర్, ఈయూ పీఆర్ అంటాను. ఫీజు మొదటిదానికి 113 యూరోలు, రెండోదానికి 109.

మీకు దగ్గరి దారి రెసిడెన్స్ చట్టం సెక్షన్ 18సి, రెండో సబ్ సెక్షన్. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళకి 27 నెలలు, బీ1 ఉంటే 21 నెలలు. 2023 నవంబరు 18కి ముందు ఈ 27 స్థానంలో 33 ఉండేది, అందుకే పాత సమాధానాల్లో ఆ అంకె ఇంకా కనిపిస్తుంది. ఈ సెక్షన్ మాటలు జాగ్రత్తగా చదవాలి. అది ‘27 నెలలు బ్లూ కార్డ్ చేతిలో ఉండాలి’ అనదు. ‘కనీసం 27 నెలలు బ్లూ కార్డ్‌కి తగిన ఉద్యోగం చేసి, ఆ కాలానికి పెన్షన్ కాంట్రిబ్యూషన్ కట్టి ఉండాలి’ అంటుంది. అంటే ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న నెలల్లో కార్డ్ చెల్లుబాటులో ఉన్నా ఆ నెలలు 27లోకి రావు. ‘ఆ కాలానికి’ అన్న మాట ఉంది కాబట్టి, విద్యార్థిగా ఉన్నప్పుడు కట్టిన పెన్షన్ నెలలు తెచ్చి ఇక్కడి ఖాళీ నింపడానికి కూడా కుదరదు.

ఇప్పుడు మీ లెక్క. 2024 ఏప్రిల్ నుంచి ఆ ఏడాది చివరికి 9 నెలలు, 2025లో 12, మొత్తం 21. సెలవు పెట్టకపోయుంటే బీ1తో 2025 డిసెంబరు 31కే నిండిపోయేది. జీతం లేని సెలవు విషయంలో జర్మనీ సామాజిక బీమా చట్టంలో ఒక నియమం ఉంది. జీతం ఆగినా, మొదటి ఒక్క నెల దాకా ఉద్యోగం సాగుతున్నట్టే పరిగణిస్తారు. ఆ నెల దాటగానే కంపెనీ మిమ్మల్ని బీమా నుంచి డీరిజిస్టర్ చేస్తుంది. మీ సెలవు జూన్ 1న మొదలైంది కాబట్టి జూన్ లెక్కలో ఉంది. జులై, ఆగస్టు ఖాళీ. సెప్టెంబరులో తిరిగి చేరారు కాబట్టి మళ్ళీ మొదలైంది. రెండు నెలలు వెనక్కి జరిగి బీ1తో 2026 ఫిబ్రవరి, ఏ1తో 2026 ఆగస్టు అయ్యాయి. మే 15 నుంచి నెలాఖరు దాకా జీతంతో కూడిన సెలవు కాబట్టి, మీరు ఇండియాలో ఉన్నా ఆ నెల పూర్తిగా లెక్కే.

ఇక్కడే ఒక మంచి మాట కూడా చెప్పాలి. పెన్షన్ చట్టంలో నెలలో ఒక్క రోజు కాంట్రిబ్యూషన్ ఉన్నా ఆ క్యాలెండర్ నెల మొత్తం ఒక నెలగా లెక్క. 20వ తేదీన ఉద్యోగంలో చేరినా పెన్షన్ లెక్కలో ఆ నెల మీదే. జీతం లేని సెలవు తప్పనప్పుడు, వీలైతే దాన్ని నెల మధ్యలో మొదలుపెట్టి నెల మధ్యలో ముగించండి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 14 దాకా తీసుకుని ఉంటే, మొదటి నెల రక్షణ జులై 14 దాకా ఉండేది. కాబట్టి జులై కూడా లెక్కలో నిలిచేది. సెప్టెంబరు సగం ఎలాగూ పనిలో ఉంటారు. అదే మూడు నెలల సెలవుకి పెన్షన్ ఖాతాలో ఒక్క ఆగస్టే ఖాళీ పడేది. ఆ ఖాళీలో ఆరోగ్య బీమా కూడా ఆగుతుందన్నది మరవకండి. నెల దాటే సెలవు పెట్టేముందు బీమా సంస్థతో మాట్లాడి సొంతంగా కట్టుకునే ఏర్పాటు చేసుకోవాలి.

అనారోగ్యం సెలవు ఇలా కాదు. మొదటి ఆరు వారాలు కంపెనీ జీతం ఇస్తుంది. తర్వాత ప్రభుత్వ ఆరోగ్య బీమా ఇచ్చే క్రాంకెన్‌గెల్డ్ (అనారోగ్య భత్యం) మీద కూడా పెన్షన్ కాంట్రిబ్యూషన్ జమవుతుంది. ప్రైవేటు ఆరోగ్య బీమాలో ఉన్నవాళ్ళకి మాత్రం ఆ కంపెనీ ఇచ్చే దినభత్యం మీద పెన్షన్ దానంతట అది జమ కాదు. విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. జీతం పెరగగానే ప్రైవేటు బీమాకి మారేవాళ్ళు ఈ సంగతి ముందే తెలుసుకుంటే మంచిది.

ఖాళీ నెలలకి స్వచ్ఛందంగా కాంట్రిబ్యూషన్ కట్టుకోవచ్చా? కట్టుకోవచ్చు. ఒక ఏడాదికి సంబంధించినది మరుసటి ఏడాది మార్చి 31 లోపు కట్టాలి. 2025 నెలలకి కనీస మొత్తం నెలకి 103.42 యూరోలు. మీ జులై, ఆగస్టులకి గడువు 2026 మార్చి 31. అయితే బ్లూ కార్డ్ దారిలో డబ్బు కట్టడం ఒక్కటే చాలదు, ఆ నెలల్లో ఉద్యోగం చేసి ఉండాలి అన్న షరతు అలాగే ఉంటుంది. కాబట్టి ఈ దారి కోసం దాన్ని నమ్ముకోవద్దు. ఐదేళ్ళ దారికి ఉపయోగం, అది కింద చెప్తాను.

రెండో దారి అదే సెక్షన్ 18సి, మొదటి సబ్ సెక్షన్. ఇది నైపుణ్యం ఉన్న ఉద్యోగులందరికీ వర్తిస్తుంది. 18ఏ (వృత్తి శిక్షణ ఉన్నవాళ్ళకి), 18బి (డిగ్రీ ఉన్నవాళ్ళకి), 18డి (పరిశోధకులకి), 18జి పర్మిట్లలో ఏదైనా మూడేళ్ళు చేతిలో ఉండాలి, 36 నెలల పెన్షన్ ఉండాలి. చదువు జర్మనీలోనే పూర్తి చేసినవాళ్ళకి ఇది రెండేళ్ళు, 24 నెలలు. ఇందులో బీ1 తప్పనిసరి. 18జి అంటే బ్లూ కార్డే కాబట్టి మీరు ఇందులోకి కూడా వస్తారు. ఇక్కడ మాటలు మారాయి చూడండి. ‘పర్మిట్ చేతిలో ఉండాలి’ అంటే సెలవు నెలలు కూడా లెక్కే, పర్మిట్ రద్దు కాలేదు కనుక. పెన్షన్ నెలలకి ‘ఆ కాలానికి’ అన్న షరతు లేదు. అందుకే మీ 14 నెలల వర్క్‌స్టూడెంట్ కాంట్రిబ్యూషన్లు ఇక్కడ పనికొస్తాయి. వర్క్‌స్టూడెంట్‌కి ఆరోగ్య, నిరుద్యోగ బీమాల నుంచి మినహాయింపు ఉంటుంది కానీ పెన్షన్ నుంచి ఉండదు. జీతంలో 9.3 శాతం మీరు, అంతే కంపెనీ కడతాయి. పాత జీతం స్లిప్పుల్లో ఆర్‌వీ (పెన్షన్ బీమా) అన్న వరుస చూస్తే కనిపిస్తుంది. మీకు ఈ దారిలో 2026 మార్చి 31కి రెండేళ్ళు నిండుతాయి, పెన్షన్ ఎప్పుడో నిండిపోయింది. బ్లూ కార్డ్ దారి కంటే ఒక్క నెల ఆలస్యం, అంతే. దరఖాస్తు చూసే విదేశీయుల కార్యాలయంలో ఎవరైనా సెలవు నెలల గురించి గట్టిగా పట్టుబడితే ఈ దారి మీకు రక్షణ. దరఖాస్తులో రెండు సబ్ సెక్షన్లూ పేర్కొని, బ్లూ కార్డ్ దారి కుదరకపోతే ఈ దారి చూడమని రాయండి.

మినీజాబ్ (పరిమిత జీతంతో చేసే చిన్న ఉద్యోగం) చేసినవాళ్ళకి ఒక హెచ్చరిక. అందులో పెన్షన్ నుంచి మినహాయింపు కోరే ఫారం ఒకటి చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటారు. నెలకి కొద్దిపాటి డబ్బు మిగులుతుందని పెట్టేస్తే ఆ నెలలు కాంట్రిబ్యూషన్ నెలలుగా నిలబడవు. యూనివర్సిటీ తప్పనిసరి చేసిన ఇంటర్న్‌షిప్‌కి కూడా పెన్షన్ కట్టరు.

ఆ పర్మిట్ల జాబితాలో లేనివాటిని కూడా గమనించాలి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కునే పర్మిట్, ఛాన్సెన్‌కార్టె (బయటి దేశాల నుంచి ఉద్యోగం వెతుక్కోవడానికి వచ్చేవాళ్ళ కార్డ్), కంపెనీ బదిలీ మీద వచ్చేవాళ్ళ ఐసీటీ కార్డ్ అందులో లేవు. వాటి మీద ఎంతకాలం ఉన్నా 18సి కింద సున్నా. ఐసీటీ మీద ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. ఇండియా-జర్మనీ సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఈపీఎఫ్ఓ ఇచ్చే కవరేజ్ సర్టిఫికెట్ ఉంటే 48 నెలల దాకా జర్మనీ పెన్షన్ కట్టక్కర్లేదు, పీఎఫ్ ఇండియాలోనే సాగుతుంది. కంపెనీకి ఖర్చు తగ్గుతుంది, ఉద్యోగి చేతికి జీతం ఎక్కువ వస్తుంది. పీఆర్ లెక్కలో మాత్రం ఆ నెలలకి పెన్షన్ సున్నా. ఏళ్ళ తరబడి ఇక్కడ పనిచేసి, స్థానిక కాంట్రాక్టుకి మారిన రోజున మొదటి నెల నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఇక్కడే స్థిరపడాలనుకునేవాళ్ళు ఎంత త్వరగా స్థానిక కాంట్రాక్టుకి మారితే అంత మేలు.

మూడోది అందరికీ తెలిసిన ఐదేళ్ళ దారి, సెక్షన్ 9. రెసిడెన్స్ పర్మిట్ ఐదేళ్ళు, పెన్షన్ 60 నెలలు, బీ1. చదువుకున్న కాలం సగం లెక్క అనే నియమం ఇక్కడ వర్తిస్తుంది. మీరు చదివిన సుమారు 30 నెలలు 15 అవుతాయి. మిగతా 45 నెలలు 2024 ఏప్రిల్ నుంచి లెక్కేస్తే 2027 డిసెంబరు. అప్పటికి పెన్షన్ చూస్తే 14, 43 కలిపి 57 నెలలే. ఇంకో మూడు నెలలు ఆగాలి, అంటే 2028 మార్చి. ఆ రెండు ఖాళీ నెలలకి స్వచ్ఛందంగా కట్టుకుంటే 2028 జనవరికి వస్తుంది. మీకు ఈ దారి అక్కర్లేదు. కానీ నివాసం నిండినా పెన్షన్ నిండకపోవడం ఎలా ఉంటుందో ఈ లెక్కలో తెలుస్తుంది. సెక్షన్ 9లో పిల్లల పెంపకం వల్ల ఉద్యోగానికి దూరమైన కాలాన్ని కూడా పెన్షన్ నెలలతో సమానంగా చూస్తారు. 1992 జనవరి 1 నుంచి పుట్టిన ఒక్కో బిడ్డకి 36 నెలలు పెన్షన్ ఖాతాలో రాసుకోవచ్చు. అడిగితేనే రాస్తారు. చాలామంది తల్లులు ఆ దరఖాస్తు పెట్టకుండానే ఉండిపోతున్నారు. డాక్టర్లు, ఆర్కిటెక్టుల్లాంటి వాళ్ళు తమ వృత్తి పెన్షన్ నిధికి కట్టినవి ప్రభుత్వ పెన్షన్‌తో సమానమే.

లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుంది అన్నదానిలో కూడా జనం నష్టపోతుంటారు. ప్లాస్టిక్ కార్డ్ మీద ఉన్న తేదీ నుంచి కాదు. లాంగ్ టర్మ్ నేషనల్ వీసాతో వచ్చినవాళ్ళకి ఆ వీసా మీద జర్మనీలో ఉన్న కాలం కూడా పర్మిట్ కాలంలో కలుస్తుందని సెక్షన్ 6లోనే ఉంది. వీసా ఇండియాలో స్టాంపు అయిన తేదీ కాదు, దేశంలోకి అడుగుపెట్టిన తేదీ. అపాయింట్‌మెంట్ దొరక్క కార్డ్ నాలుగైదు నెలలు ఆలస్యమైనవాళ్ళకి ఇది పెద్ద తేడా. పాత పాస్‌పోర్టులో ఆ వీసా, ఎంట్రీ స్టాంపు ఉన్న పేజీలు స్కాన్ చేసి దాచుకోండి.

ఇక ఇండియా ప్రయాణాలు. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోతుంటాయి: పర్మిట్ పోతుందా, నెలలు పోతాయా. మామూలు పర్మిట్ ఉన్నవాళ్ళు ఆరు నెలల్లోపు తిరిగి రాకపోతే అది తనంతట తానే రద్దవుతుంది. ఎవరూ ఉత్తరం రాయరు, కార్డ్ మీద తేదీ ఇంకా మిగిలే ఉంటుంది, కానీ చట్టప్రకారం అది చెల్లదు. బ్లూ కార్డ్‌కి ఆ గడువు 12 నెలలు. బ్లూ కార్డ్ ఉన్నవారి భార్య లేదా భర్త, పిల్లల పర్మిట్లకీ 12 నెలలే. ఎక్కువ కాలం ఉండక తప్పదని తెలిస్తే, గడువు దాటకముందే విదేశీయుల కార్యాలయానికి రాసి పొడిగింపు రాతపూర్వకంగా తీసుకోవాలి. తల్లిదండ్రుల వైద్యం, కాన్పు లాంటి కారణాలకి ఆధారాలు జతచేసి అడగండి.

ఆరు నెలలన్నది పైకి కనిపించే గీత. దానికంటే ప్రమాదకరమైనది దాని ముందున్న నియమం: తాత్కాలికం కాని కారణంతో దేశం విడిస్తే పర్మిట్ ఆ రోజే పోతుంది. ఇల్లు ఖాళీ చేసి, అబ్‌మెల్డుంగ్ (చిరునామా రిజిస్ట్రేషన్ రద్దు) చేసి, ఇండియాలో ఉద్యోగంలో చేరి, నాలుగు నెలలకి మనసు మారి తిరిగొస్తే ‘ఆరు నెలలు కాలేదు కదా’ అన్న వాదన నిలవదు. మీలాగా ఇల్లు, ఉద్యోగం, బీమా అన్నీ ఇక్కడే ఉంచుకుని వెళ్ళినవాళ్ళకి ఈ భయం లేదు. అద్దె ఆదా అవుతుందని అబ్‌మెల్డుంగ్ చేసి వెళ్ళమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, దయచేసి వినకండి.

పర్మిట్ నిలబడితే, సెక్షన్ 9 లెక్కలో ఒక్కో ప్రయాణానికి ఆరు నెలల దాకా పూర్తిగా కలుపుతారు. ఈయూ పీఆర్‌కి మాత్రం పరిమితి వేరు: ఒక్కో విడత ఆరు నెలల్లోపు, ఐదేళ్ళు మొత్తం కలిపి పది నెలల్లోపు. బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ అంకెలు 12, 18. ఏడాదికోసారి ఆరు వారాలు ఇండియా వెళ్ళేవాళ్ళకి ఐదేళ్ళలో ఏడు నెలలు అవుతాయి. దానికి మీలాంటి అత్యవసర ప్రయాణం ఒకటి తోడైతే పది దాటిపోతుంది. అందుకే బయటికి వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ ఒక షీట్‌లో రాసిపెట్టుకోండి. టికెట్లు, బోర్డింగ్ పాస్‌లు పీడీఎఫ్‌గా ఉంచుకోండి, స్టాంపులు అన్ని సందర్భాల్లో పడవు.

ఈయూ పీఆర్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. జర్మన్ పీఆర్ లెక్కలో నెదర్లాండ్స్‌లోనో ఫ్రాన్స్‌లోనో పనిచేసిన కాలం రాదు. ఈయూ పీఆర్‌లో బ్లూ కార్డ్ ఉన్నవాళ్ళకి వస్తుంది. 2021/1883 డైరెక్టివ్ ప్రకారం వేర్వేరు సభ్యదేశాల్లో బ్లూ కార్డ్ మీదా, ఆ దేశపు ఉన్నత నైపుణ్య పర్మిట్ మీదా, పరిశోధకుడిగా ఉన్న కాలమంతా కలిపి ఐదేళ్ళు చూపొచ్చు. చివరి రెండేళ్ళు మాత్రం దరఖాస్తు చేసే దేశంలోనే ఉండాలి. డెన్మార్క్, ఐర్లాండ్ ఈ ఏర్పాటులో లేవు. సీజనల్ పని, ఓ పేర్ (ఒక కుటుంబంతో ఉంటూ పిల్లల్ని చూసుకునే పని) లాంటి తాత్కాలిక పర్మిట్ల కాలం ఇందులో కలవదు.

పర్మిట్ల మధ్య ఖాళీ అన్నది రాతకోతల వల్ల వచ్చే నష్టం, పూర్తిగా తప్పించుకోగలిగింది. గడువు ముగిసేలోపు పొడిగింపు దరఖాస్తు పెడితే చాలు, అపాయింట్‌మెంట్ తర్వాత ఎప్పుడో వచ్చినా పాత పర్మిట్ సాగుతున్నట్టే. అప్పుడు ఇచ్చే కాగితమే ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. దాని మీద సెక్షన్ 81, నాలుగో పేరా గడిలో గుర్తు ఉందో లేదో అక్కడే చూసుకోండి. ఆ గడి అయితేనే పని హక్కు, ప్రయాణ హక్కు, కాలం లెక్క మూడూ సాగుతాయి. ఆన్‌లైన్‌లో పంపినప్పుడు వచ్చే రసీదు, మెయిల్ అయితే తేదీతో సహా దాని కాపీ దాచండి. గడువు దాటాక పెడితే ఆ మధ్య రోజులు చట్టబద్ధం కానివి. ఏడాది లోపు అలాంటి తెగుదలను వదిలేసే అధికారం సెక్షన్ 85 కింద ఆఫీసుకి ఉంది. కానీ అది వాళ్ళ విచక్షణ, మీ హక్కు కాదు.

ఉద్యోగం మారడం వల్ల నెలలు మళ్ళీ సున్నా నుంచి మొదలవ్వవు. బ్లూ కార్డ్ మొదటి 12 నెలల్లో మారితే ఆఫీసుకి తెలపాలి, వాళ్ళు 30 రోజుల దాకా ఆపి పరిశీలించవచ్చు. 18ఏ, 18బి పర్మిట్లు కంపెనీకి కట్టి ఉంటే అనుమతి వచ్చాకే చేరాలి. ఉద్యోగం అనుకున్నదానికంటే ముందే ముగిసిపోతే తెలిసిన రెండు వారాల్లోపు ఆఫీసుకి చెప్పాలన్నది చట్టం. చెప్పకుండా నెలలు గడిపి, తర్వాత పీఆర్ దరఖాస్తులో పెన్షన్ ఖాతా చూపించినప్పుడు ఆ ఖాళీ కనపడకుండా ఉండదు.

కాగితాల విషయానికొస్తే, అన్నిటికంటే ముఖ్యమైనది డాయిచె రెంటెన్‌ఫెర్‌జిషెరుంగ్ ఇచ్చే ఫెర్‌జిషెరుంగ్స్‌ఫెర్‌లౌఫ్, అంటే పెన్షన్ ఖాతా చరిత్ర. వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉచితంగా అడగొచ్చు, పోస్టులో ఇంటికి వస్తుంది. అందులో నడుస్తున్న ఏడాది ఉండదు. కంపెనీ గడిచిన ఏడాది వివరాలు పంపడానికి ఫిబ్రవరి మధ్య దాకా గడువు ఉంటుంది కాబట్టి. మీరు ఫిబ్రవరి చివర్లో తెప్పించుకుంటే 2025 మొత్తం కనిపిస్తుంది. 2026 జనవరి, ఫిబ్రవరి నెలలకి జీతం స్లిప్పులు జతచేయండి. ఖాతాలో చదువుకున్న రోజుల్లోని కంపెనీ పేరు లేకపోతే అప్పటి స్లిప్పులతో సరిచేయించుకోవాలి, దానికి వారాలు పడుతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో ఒకే మనిషికి రెండు బీమా నంబర్లు పడటం మనవాళ్ళలో తరచూ జరిగేదే. స్లిప్పులన్నిటి మీదా నంబర్ ఒకటేనా అని చూసుకోండి. ఎప్పుడైనా జర్మనీ వదిలి వెళ్ళి పెన్షన్ డబ్బు వెనక్కి తీసేసుకుని ఉంటే ఆ నెలలు శాశ్వతంగా పోయినట్టే.

మిగతావి ఉద్యోగ ఒప్పందం, కంపెనీ నుంచి ఇటీవలి తేదీతో ఉద్యోగ ధ్రువీకరణ, అద్దె ఒప్పందం, ఆరోగ్య బీమా కాగితం, భాషా సర్టిఫికెట్. దేశ చట్టాలు, సమాజం గురించిన అవగాహనకి లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్ పరీక్ష ఉంది. 33 ప్రశ్నల్లో పీఆర్‌కి 15 సరిగ్గా రాస్తే చాలు, ఫీజు 25 యూరోలు. ప్రశ్నలు ముందే ప్రచురించినవి కాబట్టి కష్టం కాదు. ఫలితం రావడానికే వారాలు పడుతుంది. షరతులు నిర్ణయం తీసుకునే రోజుకి నిండి ఉండాలి తప్ప దరఖాస్తు రోజుకి కాదు. అందుచేత ఆఫీసు తీరు చూసి రెండు మూడు నెలలు ముందే పెట్టడం తెలివైన పని. మరీ ముందుగా పెడితే మాత్రం తిరస్కరించే అవకాశం ఉంటుంది, ఫీజు కూడా పోవచ్చు.

భార్య కూడా మీతో ఇక్కడ ఉంటే, ఆవిడకి ఈ లెక్క అంతా వేరుగా సాగుతుంది. మీకు 18సి కింద పీఆర్ వచ్చాక, ఆవిడ చేతిలో మూడేళ్ళు రెసిడెన్స్ పర్మిట్ ఉండి, వారానికి కనీసం 20 గంటలు పనిచేస్తూ, బీ1 ఉంటే సెక్షన్ 9లోని 3ఏ కింద దరఖాస్తు చేయొచ్చు. ఐదేళ్ళ దారిలో అయితే 60 నెలల పెన్షన్ దంపతుల్లో ఒకరికి ఉంటే సరిపోతుంది.

పీఆర్ చేతికి వచ్చాక చాలామంది జారిపడే చోటు ఒకటుంది, అందుకే ముందే చెప్తున్నాను. బ్లూ కార్డ్ మీద 12 నెలలు బయట ఉండగలిగిన మీరు, జర్మన్ పీఆర్‌కి మారిన రోజు నుంచి ఆరు నెలలకి దిగిపోతారు. అది బ్లూ కార్డ్ దారిలో వచ్చిన పీఆర్ అయినా అంతే. ఈయూ పీఆర్ అయితే ఈయూ బయట వరుసగా 12 నెలలు, బ్లూ కార్డ్ నుంచి వచ్చినవాళ్ళకి 24 నెలలు. ఆ గడువులో కొద్ది రోజులు ఈయూలో ఉన్నా హక్కు నిలుస్తుందని యూరోపియన్ కోర్టు 2022 జనవరి 20న, సీ-432/20 కేసులో తేల్చింది. నాన్నగారి కోసం ముందు ముందు కూడా నెలల తరబడి వెళ్ళాల్సి రావచ్చనుకుంటే, ఇప్పుడు జర్మన్ పీఆర్ తీసుకుని, చదువు సగం లెక్కతో 2027 చివరికి ఐదేళ్ళు నిండగానే ఈయూ పీఆర్‌కి కూడా దరఖాస్తు చేయండి. రెండు కార్డులూ ఒకే మనిషికి ఉండొచ్చు.

పౌరసత్వం లెక్క ఈ మూడింటికీ సంబంధం లేనిది. 2024 జూన్ 27 నుంచి ఐదేళ్ళు, అందులో చదువు కాలం సగం కాదు, పూర్తిగా లెక్క. మూడేళ్ళ దారిని 2025 అక్టోబరు 30 నుంచి తీసేశారు.

మీరు ఇప్పుడు చేయాల్సినవి: బీ1 పరీక్షకి తేదీ తీసుకోవడం, పెన్షన్ ఖాతా చరిత్ర తెప్పించి వర్క్‌స్టూడెంట్ 14 నెలలు అందులో ఉన్నాయో చూడటం, 2025 జులై, ఆగస్టులు నిజంగానే ఖాళీగా ఉన్నాయో కంపెనీ పంపిన బీమా వివరాల కాగితంలో సరిచూడటం. కొన్ని కంపెనీలు డీరిజిస్ట్రేషన్ తేదీ తప్పు వేస్తాయి. జూన్ 30 బదులు మే 31 అని పడితే మీకు ఇంకో నెల పోతుంది. అలా ఉంటే దరఖాస్తుకి ముందే జీతాల విభాగంతో సరిచేయించండి.